అప్రమత్తునికి ప్రమాదం లేదా?

“జాగ్రత్తగా ఎగరేసేవాని డ్రోను పడనే పడదు. పడిందంటే వాడు జాగ్రత్తగా లేడని అర్థం.”

2025 ఫిబ్రవరి 28, జాతీయ విజ్ఞాన దినోత్సవం. మా వైపు పాఠశాల ఒకదానిలో పిల్లలకు నాలుగు మంచిమాటలు చెప్పమంటే వెళ్ళాను. పదవీ విరమణ చేసిన తెలుగు పండితునికి విజ్ఞాన దినోత్సవంతో ఏమి పని అని అడగకండి. వేదికమీద ఒక తెల్లజుట్టు ఉండాలన్న నియమం కాబోలు. నా తరువాత మాట్లాడిన యువ శిక్షకుడు పలికిన వాక్యాలే పైన రాసినవి. పలికి ఊరుకోలేదు. అరచేతిలో ఇమిడే యంత్రాన్ని పైకి లేపి, మైదానంలో బారులు తీరి కూర్చున్న పిల్లల తలలమీదుగా మూడు చుట్లు తిప్పాడు. “నాలుగేళ్ళుగా ఎగరేస్తున్నాను, ఒక్కసారీ పడలేదు” అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికి వచ్చి విస్తరి ముందు కూర్చున్నాక గానీ ఆ చప్పట్లకు నాకు సిగ్గు వేయలేదు.

ఆ కుర్రవాడిమీద నాకు కోపం లేదు. వినయం, పనిలో నేర్పు రెండూ ఉన్నవాడే. నా తగవంతా ఆ వాక్యంతో. అది ఒక్కని వాక్యం కాదు. ఈ సరదా ఉన్నవారిలో నలుగురిని కదిలిస్తే ముగ్గురు అదే మాట అంటున్నారు. పైగా మన కర్నూలు, కడప సీమకు ఇది పరాయి ముచ్చట కాదు. ఓర్వకల్లు దగ్గర 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ వస్తుందని ప్రభుత్వం ప్రకటించింది. కర్నూలు జిల్లాలోనే రక్షణ పరిశోధన సంస్థవారి పరీక్షాక్షేత్రం ఉంది. 2025 ఏప్రిల్ 13న అక్కడ లేజరు కిరణంతో డ్రోన్లను కూల్చి చూపారు; అదే ఏడాది జూలైలో డ్రోను నుంచి క్షిపణిని ప్రయోగించి చూపారు. తమాషా చూడండి. కూల్చడమే పనిగా పెట్టుకొన్నవారు, అది ఎక్కడ పడాలో ముందే ఆలోచించుకొని, జనం లేని బయలు చూసుకొని ఆ పని చేస్తారు. పడదని నమ్మేవారే మన పిల్లల నెత్తిమీద తిప్పుతారు.

మొదట మాట సంగతి చూద్దాం. నాకు చేతనైన విద్య అదొక్కటే గదా.

సంస్కృతంలో ‘ప్రమాద’ శబ్దానికి అర్థం ఏమరుపాటు, పరాకు. ‘మద్’ ధాతువుకు ‘ప్ర’ ఉపసర్గ చేరి పుట్టిన మాట. ఏమరుపాటు లేనివాడు అప్రమత్తుడు. ఆ మాట తెలుగులోకి వచ్చేసరికి అర్థం జారి, జరిగిన కీడుకు పేరైంది. బస్సు బోల్తాపడితే ప్రమాదం, ఇల్లు కాలితే అగ్నిప్రమాదం. ఇంకా విడ్డూరం ‘ప్రమాదవశాత్తు’ అన్న ప్రయోగం. శబ్దార్థం చూస్తే అది ‘పరాకువలన’ అని. మన పత్రికలు రాసేది మాత్రం ‘ఎవరి తప్పూ లేకుండా’ అన్న భావంతో. ఒకే మాట నేరమూ మోపుతుంది, నేరమూ మాపుతుంది.

మన శిక్షకుని వాక్యాన్ని ఈ వెలుగులో చూడండి. “అప్రమత్తునికి ప్రమాదం లేదు” అన్నది వ్యుత్పత్తి ప్రకారం తిరుగులేని సత్యం. ఏమరుపాటు లేనివానికి ఏమరుపాటు లేదు అన్నట్టు. చెప్పిందే చెప్పడం తప్ప అందులో సమాచారం ఏమీ లేదు. కాని వినేవాడు దానిని “జాగరూకుని యంత్రం నేలకూలదు” అని వింటాడు. అది లోకానికి సంబంధించిన వాక్యం. లోకంలోకి పోయి పరీక్షించవలసిన వాక్యం. ఆయన పరీక్షకు సందు ఇవ్వడు. పడలేదా, జాగ్రత్తపరుడు. పడిందా, అజాగ్రత్తపరుడు. ఎలా తెలిసింది? పడింది గనుక. దీనిని మన తార్కికులు అన్యోన్యాశ్రయ దోషం అన్నారు. ఇక నాలుగేళ్ళ అనుభవమంటారా, యంత్రం పగిలి మూలనపడినవాణ్ణి విజ్ఞాన దినోత్సవానికి ఎవరూ పిలవరు. వేదిక ఎక్కేవాడు ఎప్పుడూ పడనివాడే.

జాగ్రత్త వ్యర్థమని నేను అంటున్నానని ఎవరూ అనుకోవద్దు. సరదాకు ఎగరేసేవారి డ్రోన్లలో చాలామటుకు చేజేతులా పడేవే. బ్యాటరీని చివరి చుక్కదాకా పీల్చడం. తిరిగిరావలసిన ఎత్తును చెట్టుకంటే తక్కువగా పెట్టడం. యంత్రం ముఖం మనవైపు తిరిగినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయన్నది మరచిపోవడం. కారు బానెట్ మీద పెట్టి దిక్సూచిని సరిచేయడం. వెనక కన్ను లేని యంత్రాన్ని వెనక్కు నడపడం. ఇవన్నీ సాధనతో పోయే తప్పులు. ఈ మేరకు శిక్షకుని మాటకు నమస్కారం.

మిగిలినదాని సంగతి ఏమిటి? మన ఎండనే తీసుకోండి. బజారులో దొరికే చాలా డ్రోన్ల పుస్తకంలో 40 డిగ్రీల దాకానే ఎగరేయమని ఉంటుంది. కర్నూలు ఏప్రిల్, మే నెలల్లో ఆ గీత దాటడం మనకు వార్త కాదు. 43 డిగ్రీల గాలి, 15 డిగ్రీల గాలికంటే సుమారు తొమ్మిది శాతం పలుచన. పలుచని గాలిలో నిలవాలంటే రెక్కలు మరింత వేగంగా తిరగాలి, మోటార్లు మరింత కరెంటు తాగాలి, ముందే కాగిన బ్యాటరీ మరింత కాగాలి. సరే, జాగ్రత్తపరుడు మే నెలలో ఎగరేయడు అనుకుందాం. గద్ద సంగతో? తన గూటివైపు వచ్చినదాన్ని తన్నడానికి అది మన అనుమతి అడగదు. సూర్యుని సంగతో? 2024 మే 10న వచ్చిన సౌర తుపానుకు అమెరికా పొలాల్లో జీపీఎస్ ఆధారంగా విత్తే ట్రాక్టర్లే దారితప్పి నిలిచిపోయాయి. మోటారు లోపల, కంటికి కనబడని చోట, వెంట్రుకంత తీగె తెగితే?

ఈ చివరిది ఊహ కాదు. మా ఇంటి కథ.

మా దౌహిత్రుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. 250 గ్రాములకు కాస్త లోపు ఉండే డ్రోను ఒకటి కూడబెట్టుకొని కొన్నాడు. వాడంత పద్ధతిగల పిల్లవాణ్ణి నా ముప్పైయేళ్ళ కొలువులో కొద్దిమందినే చూశాను. దానికొక నోటుపుస్తకం. ఏ రోజు ఎంత గాలి, ఏ బ్యాటరీ ఎన్నోసారి చార్జి, ఏ రెక్క ఎప్పుడు మార్చింది, అన్నీ రాసుకొనేవాడు. 2024 సంక్రాంతి సెలవుల్లో జమ్మలమడుగు వైపు మా బంధువుల ఊరి బయట, నల్లరేగడి చేలమీద ఎగరేశాడు. పక్కన నేనే ఉన్నాను. చల్లని పొద్దు, ఆకు కదలని గాలి. ముప్పై మీటర్ల ఎత్తులో బొంగరంలా గిర్రున తిరిగి, రాయిలా పడింది. పడినచోటికి పదిబారల దూరంలో పప్పుశనగ కోతకు వచ్చిన కూలీలు ఉన్నారు. వారిలో ఒకామె లేచి నిలబడి, “ఏంది సామీ ఇది? నా నెత్తిన పడింటే ఎవురు దిక్కు?” అన్నది.

నేను వాడివైపు తిరిగి, “నిర్లక్ష్యానికి ఫలితం ఇదే” అన్నాను. ఉపాధ్యాయుని గొంతుతోనే అన్నాను. “అన్నీ చూసుకొనే లేపినా తాతా” అన్నాడు వాడు. ఇంకేమీ అనలేదు.

వారం తరువాత కర్నూలులో దానిని విప్పించాడు. ఒక మోటారులో తీగె అతుకు ఊడిపోయింది. పైనుంచి చూసినా, చేత్తో తిప్పినా, ముందుగా ఎగరేసి చూసినా తెలిసే లోపం కాదని బాగుచేసే అతను చెప్పాడు. వాడు ఆ ముక్కను కాగితంలో చుట్టి తెచ్చి నా బల్లమీద పెట్టి పోయాడు. సమర్థించుకోవడానికి కాదు, నాకు చూపించాలని మాత్రమే. తరువాత ఏడాదికి పైగా వాడు ఎగరేయలేదు. అంత పద్ధతిగల పిల్లవాడు తన నోటుపుస్తకాన్నే నమ్మడం మానేశాడు. నా ఒక్క మాట చేసిన పని అది. శిక్షకుని వాక్యాన్ని ఆయన పలకడానికి ఏడాది ముందే నేను పలికాను. అందుకే ఆనాటి చప్పట్లు నా అరచేతులను అంత మండించాయి.

ఇక్కడితో ఆపితే నా వాదం కూడా అరకొరే. నిర్లక్ష్యం జరగలేదా? జరిగింది. మోటారు విషయంలో కాదు. పదిబారల దూరంలో మనుషులు ఉన్నారని మా ఇద్దరికీ తెలుసు. వారు భోజనాలకు పోయేదాకా ఆగవచ్చు, మేమే పక్క బీడులోకి పోవచ్చు. ఆ ఆలోచన వాడికీ రాలేదు, అరవైయేళ్ళు పైబడిన నాకూ రాలేదు. యంత్రం పడదన్న నమ్మకమే ఆ ఆలోచనను రానివ్వలేదు. నోటుపుస్తకంలో బ్యాటరీకి గడి ఉంది, గాలికి గడి ఉంది, కింద ఎవరున్నారన్న దానికి గడి లేదు.

వాడే తరువాత నాకు లెక్క వేసి చూపాడు. పావుకిలో బరువు ముప్పై మీటర్ల నుంచి పడితే, గాలి నిరోధాన్ని వదిలేస్తే, ఆ దెబ్బ గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చిన క్రికెట్ బంతి దెబ్బతో సమానం. గాలి అడ్డుకోవడంవల్ల కొంత తగ్గుతుందనుకోండి; క్రికెట్ బంతికి తిరిగే రెక్కలు ఉండవన్నదీ అనుకోండి. ఇంకొక లెక్క. 120 మీటర్ల ఎత్తులో, సెకనుకు పది మీటర్ల వేగంతో పోతున్నది హఠాత్తుగా ఆగితే నేలను తాకడానికి అయిదు సెకన్లు. ఆ అయిదు సెకన్లలో ముందుకు యాభై మీటర్లు. అంటే సరిగ్గా కింద ఎవరూ లేరని చూసుకొంటే చాలదు. ఎంత ఎత్తున ఎగరేస్తే మనుషులకు కనీసం అంత దూరం ఉండాలన్న సూత్రం ఐరోపావారి మార్గదర్శకాల్లో ఉంది. మన పాఠశాలల మైదానాల్లో ఆ లెక్కకు ఎంతమాత్రం చోటుంటుందో ఉపాధ్యాయులే చెప్పాలి.

యంత్రం కట్టడిలోనే ఒక సంగతి ఉంది. విమానం ఇంజను ఆగితే రెక్కల ఆసరాతో జారుతూ దిగవచ్చు. హెలికాప్టరు ఇంజను ఆగినా, కిందనుంచి కొట్టే గాలికి పైరెక్క తిరుగుతూనే ఉంటుంది. చేయితిరిగినవాడు నేలకు దించగలడు. బజారులో దొరికే నాలుగు రెక్కల డ్రోనుకు ఆ రెండు దారులూ లేవు. నాలుగింటిలో ఒకటి ఆగితే మామూలుగా అది ఎగిరే వస్తువు కానే కాదు. అప్పుడు రిమోటు పట్టుకొన్నవాడు మహానిపుణుడైనా, నా బోటి వాడైనా ఒకటే.

నిపుణులంటే గుర్తొచ్చింది. 2015 డిసెంబరు 22న ఇటలీలో మంచుమీద జారే పందెం జరుగుతుండగా, ప్రసారంకోసం వాడుతున్న డ్రోను పైనుంచి పడి మార్సెల్ హిర్షర్ అనే ఆటగానికి సరిగ్గా వెనక ముక్కలైంది. నడిపినది సరదా కుర్రవాడు కాదు, అదే వృత్తిగా ఉన్నవారు. ఆ క్రీడాసమాఖ్య తన పందాల్లో కెమెరా డ్రోన్లను నిషేధించింది. 2024 డిసెంబరు 21న అమెరికాలో ఓర్లాండో నగరంలో దీపాల డ్రోన్ల ప్రదర్శనలో కొన్ని ఒకదానికొకటి తగిలి పడగా ఏడేళ్ళ పిల్లవానికి తగిలింది; గుండెకు శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. అంతకు రెండు నెలల ముందే, 2024 అక్టోబరు 22న, మన విజయవాడ పున్నమి ఘాట్ వద్ద 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీస్తే చూసి మురిసినవాళ్ళం మనం. మురవడం తప్పు కాదు. ఒకచోట సవ్యంగా జరిగిన పని మరొకచోట కూడా అలాగే జరిగితీరుతుందనుకోవడం తప్పు.

వీరందరినీ మించిన అప్రమత్తులను చూపమంటారా? అంగారకునిమీద ‘ఇంజెన్యుటీ’ అనే చిన్న హెలికాప్టరును నడిపినవారు. 2021 ఏప్రిల్ 19న అది మొదట ఎగిరింది. అయిదుసార్లు ఎగిరితే చాలనుకొన్నది 72 సార్లు ఎగిరింది. ప్రతి ప్రయాణానికీ ఎంత లెక్క, ఎంత చర్చ! 2024 జనవరి 18న 72వసారి దిగుతూ రెక్కలు విరిగి శాశ్వతంగా నిలిచిపోయింది. తరువాత పరిశోధించి చెప్పిన కారణం వినండి: కింద ఉన్నది గుర్తులు లేని నునుపైన ఇసుక. నేలమీది గుర్తులను చూసి తన వేగాన్ని తెలుసుకొనే కన్నుకు ఆనవాలు దొరకలేదు. వారిని నిర్లక్ష్యపరులనే ధైర్యం మన శిక్షకునికి ఉంటుందా?

ఆ ఇసుక కథ మనకు దూరం కాదు. గండికోట పోయి చూడండి. పెన్న కోసిన లోయ, అటూ ఇటూ ఎర్రరాతి గోడలు, అడుగున నీళ్ళు. చిత్రాలు తీయాలని అనుమతి తెచ్చుకొని లోయలోకి డ్రోను దించితే మొదట ఆకాశం సగం మూసుకుపోతుంది. కనబడే ఉపగ్రహాలు తగ్గుతాయి, గోడలకు తగిలి వంకరగా వచ్చే సంకేతం ఉన్నచోటును తప్పు చెబుతుంది. అప్పుడు యంత్రం కిందికి చూసే కన్నుమీద ఆధారపడాలి. కింద ఉన్నది కదిలే నీరు. అంగారకునిమీద గుర్తులు లేక మోసం, ఇక్కడ గుర్తులే కదిలిపోతూ మోసం. గట్టు అంచున గాలి తిన్నగా పైకి కొడుతుంది. ఒక గజం లోపలికి రాగానే సుడి తిరుగుతుంది. ఇవన్నీ తెలిసినవాడు అక్కడ ఎగరేయకూడదా? నిక్షేపంగా ఎగరేయవచ్చు, కింద పడవా మనిషీ లేనప్పుడు. పోతే యంత్రం పోతుంది. పెన్నలో ఒక బొమ్మ మునుగుతుంది. గట్టుమీద సందర్శకుల గుంపు నిలబడి ఉన్నప్పుడు అదే మనిషి, అదే నేర్పుతో ఎగరేస్తే అది వేరే పని.

ప్రభుత్వం కూడా పడుతుందనే లెక్కతోనే ఉంది. 2021 డ్రోను నియమాల్లో ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా తెలియజేయాలని ఉంది, ఇతరులకు కలిగే నష్టానికి బీమా ఉండాలని ఉంది. పడనిదానికి బీమా ఎందుకు? అయితే 250 గ్రాముల లోపు దానికి ఆ బీమా అక్కరలేదు. రెండు కిలోల దాకా వ్యాపారానికి కాక సరదాకు నడిపేవానికి పైలట్ పత్రమూ అక్కరలేదు. చిన్నవాళ్ళను వేధించకూడదన్న ఆ ఉదారతను నేను తప్పుపట్టను. ఫలితం మాత్రం గమనించాలి. సరదాకు కొన్న పిల్లవాడు ఏ పరీక్షా రాయడు, ఏ పాఠమూ వినడు. వాడు వినే పాఠమల్లా విజ్ఞాన దినోత్సవం నాటి ఆ ఒక్క వాక్యమే. ఆకాశానికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వేసిన పటం ఒకటి ఉంది. ఆకుపచ్చ ఉంటే 400 అడుగుల దాకా ఎగరేయవచ్చు. ఆ పచ్చదనం ఆకాశానిది. కింద ఎవరి తల ఉందో ఆ పటం చెప్పదు.

ఇక రెండవ పక్షంవారు. వీరు నా ఈడువారు, ఎక్కువగా నా మిత్రులే. “పైకి పోయింది కిందికి రాక మానదు, ఎవరి నొసట ఏమి రాసిందో” అంటారు. మొన్నామధ్య ఒక ఊరి రథోత్సవంలో, తాళ్ళు పట్టిన వేలమంది నడుమ, మోకు ఎత్తులో డ్రోను తిరుగుతుంటే ఒక పెద్దాయనతో అన్నాను. “అయ్యవారూ, స్వామి చూసుకుంటాడులెండి” అన్నాడు. శిక్షకుడు పడదు గనుక తలలమీద ఎగరేయవచ్చునంటాడు. ఈయన పడితే మన చేతిలో లేదు గనుక ఎగరేయవచ్చునంటాడు. ఒకరు పురుషకారానికి అంతు లేదంటారు, ఒకరు పురుషకారమే లేదంటారు. ఇద్దరూ కలిసి యంత్రాన్ని తెచ్చి అదే చోట, అవే తలలమీద నిలుపుతారు. కింద ఉన్న మనిషిని ఎవరూ లెక్కవేయలేదు. ఆ శనగచేని కూలీ ఆమె తప్ప.

నేను శిక్షకునికి ఉత్తరం రాశాను. “నాయనా, పడకుండా చూసుకోవడం నీ నేర్పు, ఎక్కడ పడినా ఎవరికీ తగలకుండా చూసుకోవడం నీ జాగ్రత్త. రెండింటినీ ఒకటిగా పిల్లలకు చెప్పవద్దు” అని. జవాబు మర్యాదగానే వచ్చింది: తన యంత్రం చాలా నమ్మకమైనదట.

మా దౌహిత్రుడు మొన్న సంక్రాంతికి మళ్ళీ డ్రోను తీసుకొచ్చాడు. నోటుపుస్తకం కొత్తది. తెరిచి చూశాను. మొదటి గడి బ్యాటరీ కాదు. చేని గట్టున చెప్పులు విడిచి కూలీల దగ్గరికి పోయి, “అమ్మా, మీరు కూటికి పోయేది ఎన్ని గంటలకు?” అని అడిగి వచ్చాడు. ఒంటిగంట దాకా ఇద్దరం వేపచెట్టు కింద కూర్చున్నాము. ఆ పూట అది పడలేదు. అందులో మా గొప్ప ఏమీ లేదు.

విజ్ఞాన దినోత్సవానికి రమ్మని ఆ పాఠశాలనుంచి మళ్ళీ కబురు వచ్చింది. డ్రోను ప్రదర్శన ఉంటే పిల్లలను మైదానంలో కాక వరండా కప్పు కింద కూర్చోబెట్టాలని, అలాగైతేనే వస్తానని రాశాను. ఇంకా జవాబు రాలేదు.